గొంగళిపురుగులో సూది ముక్క

ఏ గుడ్డముక్క చేతికొచ్చినా ఆమె ముందు చెంపకు ఆనించుకుంటుంది. రంగు తర్వాత చూస్తుంది. కుడిచెంపకు ఒకసారి, ఎడమచెంపకు ఒకసారి. కళ్లు మూసుకుని, ఎవరో చెవిలో మాట చెబుతున్నట్టు వింటుంది. గరుకుగా ఉంటే పక్కన పడేస్తుంది. ఎంత మంచి ఎరుపైనా అంతే, ఎంత అరుదైన నీలమైనా అంతే.

దర్జీ దుకాణం వాళ్లు కత్తిరింపులు మూటకట్టి ఆమె కోసం ఉంచుతారు. ఆమె ఆ మూట విప్పి, దుకాణం గడపలోనే కూర్చుని ఒక్కొక్క ముక్కనూ చెంపకు రాసుకుంటుంటే దర్జీ నవ్వేవాడు.

"గుడ్డల మీదున్న ప్రేమ బావగారి మీద కూడా చూపించక్కా, పాపం."

"ఆయన గరుకు" అనేది ఆమె, కళ్లు తెరవకుండానే.

వీధిలో ఆమె పేరు బొమ్మలక్క. అంతకుముందు చాలా ఏళ్లు చొక్కాల కంపెనీలో కాలర్లు కుట్టింది. తెల్ల గుడ్డ, తెల్ల దారం, తెల్లటి ట్యూబులైట్లు. కంపెనీ మూతపడ్డ రోజు అందరూ ఏడుస్తూ బయటికి వస్తే, ఆమె మాత్రం దారిలో దర్జీ దుకాణం ముందు ఆగి చెత్తలోంచి ఒక నారింజరంగు ముక్క తీసుకుంది. ఆ రాత్రి అది చేప అయింది. ఆ తర్వాత ఏనుగులు, తాబేళ్లు, చెవులు వేలాడే కుందేళ్లు. ఆమె చేసిన బొమ్మలకు గుండీ కళ్లుండవు. గుండీ ఊడితే పిల్లల గొంతులో పడుతుందని కళ్లు కూడా దారంతోనే కుడుతుంది. "బొమ్మలక్క బొమ్మ అయితే పిల్లాడికిచ్చి వంట చేసుకోవచ్చు" అని తల్లులు చెప్పుకునేవారు. ఆమెకు ఆ మాట చాలు. ఆ మాట మీదే బతికింది.

ఆమెకు తోడు తోడికోడలు. మరిది భార్య, పక్క గదిలోనే కాపురం. బాగా కత్తిరిస్తుంది, దూది చక్కగా కూరుతుంది. చేయి మాత్రం బరువు. నాలుగు పొరలున్న చోట సూదిని నెట్టకుండా పొడుస్తుంది. దాంతో సూదులు విరుగుతుంటాయి. బొమ్మలక్కకు అది కోపం కాదు, వేడుక.

"నీది చెయ్యా, రోకలిబండా?"

"చిన్నగానే తోశానక్కా."

"చిన్నగా తోస్తేనే ఇలా ఉంటే, నువ్వు పెద్దగా తోస్తే గోడలు పడతాయి."

పాలవాడొచ్చినా, పొరుగింటావిడ వచ్చినా ఇదే. "మా చిన్నదానికి సూదులంటే పలహారం" అనేది. అందరూ నవ్వేవారు. తోడికోడలు కూడా నవ్వేది, తల వంచుకుని.

ఆ నెలలో పెద్ద పని వచ్చింది. రెండు వీధుల అవతల, తల్లులు పనికి పోతూ పసిపిల్లలను వదిలివెళ్లే చిన్న బడి ఉంది. దాన్ని నడిపే టీచరమ్మ ఇల్లు గడిచేది కూడా ఆ బడి మీదనే. పిల్లలను పార్కుకు నడిపించుకుపోవాలంటే ఆమెకు భయం. ఒకడు ఇటు పోతాడు, ఒకతె అటు పోతుంది. అందరూ పట్టుకుని నడిచేందుకు ఏదైనా కుట్టిపెట్టమని అడిగింది.

బొమ్మలక్క గొంగళిపురుగును కుట్టింది. గది ఈ చివరినుంచి ఆ చివరిదాకా పొడుగు. ఒక్కో కణుపు ఒక్కో రంగు. చిలకాకుపచ్చ, నారింజ, ఉల్లిపొర రంగు, వంగపండు రంగు, లేత నీలం. ప్రతి కణుపుకూ రెండు పక్కలా గుడ్డ కడియాలు, పిల్లల గుప్పిట పట్టేంత. అవి పట్టుకుని పిల్లలు బారుగా నడుస్తారు.

"గొంగళిపురుగంటే దురద కదే" అన్నాడు ఆమె భర్త. ఎదురుగా చిన్న కొట్లో రేడియోలు, స్పీకర్లు బాగుచేస్తాడు.

"మీకే దురద. నోటికి" అంది ఆమె.

ఆ మధ్యాహ్నం గొంగళిపురుగును చుట్టచుట్టి, దుప్పటిలో పెట్టి, బొమ్మలక్కా తోడికోడలూ మోసుకుపోయి బడిలో ఇచ్చి వచ్చారు. మర్నాడు పొద్దున పిల్లల మొదటి నడక.

ఇంటికొచ్చి ఆమె గది ఊడ్చింది. దారం పోగులు, దూది, కత్తిరింపులు. చీపురు ముందు ఏదో తళుక్కుమంది. వంగి తీసింది. సగం సూది. బెజ్జం ఉంది, బెజ్జంలో చిలకాకుపచ్చ దారం ఉంది. మొన లేదు.

దాన్ని అరచేతిలో పెట్టుకుని తోడికోడలి వైపు చాపింది.

"ఇదేంటే?"

తోడికోడలు కత్తెర తుడుస్తోంది. తలెత్తలేదు. "ఏంటక్కా?"

"ఇటు చూడు."

"పాతదేమో."

"ఈ దారం మొన్న తెచ్చాను. పాతదెలా అవుతుంది?"

"నేనేం విరగ్గొట్టలేదు."

"నువ్వు విరగ్గొట్టావని నేను అన్లేదే."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది. తోడికోడలు కత్తెర కింద పెట్టేసింది. మొహం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది.

"ఎప్పుడు?"

"నిన్న."

"మొన ఏది?"

"వెతికానక్కా. చాపంతా తడిమాను. దొరకలేదు. ఎక్కడో పడుంటుందిలే అనుకున్నా."

"ఏ కణుపు దగ్గర విరిగింది?"

"అతుకు దగ్గర. ఆకుపచ్చ అతుకు... కాదు, దాని తర్వాతది. తెలీదక్కా. భయమేసి ఇంకో సూది తీసుకుని గబగబా కుట్టేశా."

"భయమెందుకే? నాకో మాట చెబితే ఏం పోయింది?"

తోడికోడలు అప్పుడు తలెత్తింది. కళ్లు నిండి ఉన్నాయి, గొంతులో మాత్రం ఏడుపు లేదు.

"చెబితే ఏం చేస్తావో నాకు తెలీదా? నవ్వుతావు. పాలవాడు రాగానే చెబుతావు. సాయంత్రానికి బావగారు కూడా అంటారు. పలహారమట, పలహారం. నేనేం మనిషిని కాదా?"

బొమ్మలక్కకు చెయ్యెత్తాలనిపించింది. ఎత్తలేదు. ఏదో అనాలని నోరు తెరిచింది. నోటికొచ్చిన మాటలన్నీ నిన్నటి మాటల్లాంటివే. నోరు మూసుకుంది.

అప్పటికే మనసు బడిలో ఉంది. పసిపిల్లలు. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు.

"పద. తెచ్చేద్దాం."

"అక్కా, ఒక్కమాట." తోడికోడలు గుమ్మానికి అడ్డం వచ్చింది. "సూది సంగతి చెప్పొద్దు. కుట్టు సరిగా పడలేదు, బిగించి తెస్తామని చెబుదాం. అబద్ధం కూడా కాదు. ఎలాగూ ఊడదీస్తాంగా."

ఆమె తోడికోడలిని తప్పించుకుని బయటికి నడిచింది. దారి పొడుగునా ఆ మాటనే తిప్పితిప్పి చూసింది. తప్పులేని మాట. ఎవరికీ నష్టం లేదు. తెచ్చి, వెతికి, తీసేసి, మళ్లీ ఇచ్చేస్తే సరి. వీధి మలుపు తిరిగేటప్పటికి ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. కుట్టు సరిగా పడలేదు టీచరమ్మా.

బడి తలుపు తీసే ఉంది. తల్లులు వచ్చే వేళ. ఇద్దరు ముగ్గురు అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నారు. రేపటిదాకా ఆగలేక టీచరమ్మ గొంగళిపురుగును గది మధ్యలో పరిచేసింది. ఒక పిల్ల దాని మెడమీద ఎక్కి ఊగుతోంది. ఒకడు నీలం కడియాన్ని చప్పరిస్తున్నాడు. వాడి చొంగతో కడియం తడిసి ముదురు నీలమైంది. ఇంకొకతె, అందరికన్నా చిన్నది, ఉల్లిపొర రంగు కణుపు మీద చెంప ఆనించి నిద్రపోతోంది.

పరిగెడితే పిల్లలు బెదురుతారు. బెదిరి గట్టిగా పట్టుకుంటే? బొమ్మలక్క మెల్లగా వెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది. ముందు నిద్రపోతున్న పిల్ల తల కింద చెయ్యి పెట్టి ఎత్తి భుజాన వేసుకుంది. తర్వాత చప్పరించేవాడి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది. వాడు ఏడుపు అందుకున్నాడు.

"అరె, ఏమైంది బొమ్మలక్కా?" టీచరమ్మ వచ్చింది. "రేపటిదాకా ఆగేలా లేరు వీళ్లు. మీరు కుట్టింది అంత నచ్చింది."

ఆమె నోరు తెరిచింది. కుట్టు అన్న మాట పెదవుల దాకా వచ్చింది. భుజాన ఉన్న పిల్ల వెచ్చగా ఊపిరి వదులుతోంది.

"సూది విరిగింది టీచరమ్మా. బెజ్జమున్న ముక్క దొరికింది. మొన దొరకలేదు. ఇందులో ఉందేమో."

తల్లులందరూ ఒక్కసారిగా కదిలారు. చేతులు తిప్పి చూశారు, నోళ్లు తెరిపించి చూశారు, మోకాళ్లు, పాదాలు, చెంపలు. చప్పరించిన వాడి నోట్లో వాళ్లమ్మ వేలు పెట్టి చిగుళ్లన్నీ తడిమింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ చేతులు ఆగలేదు.

"ఎవరి చేతిలో విరిగింది?" టీచరమ్మ గొంతు మారిపోయింది.

వెనక తోడికోడలు ఊపిరి బిగబట్టడం ఆమెకు తెలిసింది.

"మా చేతుల్లోనే."

"ఇచ్చేముందు చూసుకోరా?"

"చూసుకోలేదమ్మా."

"మా ఇంట్లో ఏనుగు కూడా మీరు కుట్టిందే" అంది ఒక తల్లి. తన కొడుకును గట్టిగా హత్తుకుని ఉంది. "రాత్రంతా దాన్ని కావలించుకునే పడుకుంటాడు. దాని కడుపులో ఏముందో ఎవరికి తెలుసు?"

బొమ్మలక్క భుజాన ఉన్న పిల్లను టీచరమ్మ రెండు చేతులా తీసుకుంది.

"మీరు దీన్ని బాగుచేసి తెస్తారు. తెలుసు. తెచ్చాక నేను వీళ్ల చేతికి ఏ మొహం పెట్టుకుని ఇవ్వను, మీరే చెప్పండి."

బొమ్మలక్క గొంగళిపురుగును చుట్టచుట్టి ఎత్తుకుంది. మధ్యాహ్నం ఇద్దరు మోసిన బరువును ఒక్కతే మోసింది. తోడికోడలు వెనకాలే వచ్చింది, ఒక చివర పట్టుకుందామని చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంటూ. వాళ్లు ఇల్లు చేరేలోపు మాట వీధికి చేరింది. నోట్లో నువ్వుగింజ నానని వీధి. కిటికీలోంచి చూసినవాళ్లు రోజూ పలకరించేవాళ్లే. ఆ సాయంత్రం ఎవరూ పలకరించలేదు.

ఇంకా వెలుతురు ఉంది. ఆమె గొంగళిపురుగును చాపమీద పొడుగ్గా పరిచింది. భర్త కొట్టు కట్టేసి స్పీకరు అయస్కాంతం పట్టుకుని వచ్చాడు. అరచేయంత ఉంది. కణుపుల మీదుగా మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి.

"తల ప్రాణం తోకకొచ్చింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గొంతు సవరించుకున్నాడు. "దూది మందం ఎక్కువ. పైనుంచి అయితే లాగదు."

ఆమె కత్తెర తీసుకుంది. తను కుట్టిన కుట్టును తనే కత్తిరించడం ఆమెకు కొత్త కాదు, కానీ ప్రతిసారీ మంచి కోసం ఊడదీసేది. ఈసారి కత్తెర మొన పెట్టేచోట ఏది గుచ్చుకుంటుందో తెలియదు. తోకనుంచి మొదలుపెట్టింది. దూదిని గుప్పెడు గుప్పెడుగా తీసి, వేళ్లతో పలచగా విప్పి, పళ్లెంలో వేస్తే భర్త అయస్కాంతం తిప్పుతున్నాడు. తోడికోడలు ఖాళీ అయిన తొడుగును తిరగేసి, అంచులన్నీ బొటనవేలితో నొక్కి చూస్తోంది. వేలికి గుచ్చుకున్నా సరే అన్నట్టు గట్టిగా నొక్కుతోంది.

నీలంలో లేదు. వంగపండు రంగులో లేదు. ఉల్లిపొర రంగు తెరిచినప్పుడు ఆమె చేయి ఆగింది. ఆ పిల్ల చెంప ఆనించిన చోట ఇంకా చిన్న తడిమరక ఉంది. అందులోనూ లేదు.

నారింజకూ ఆకుపచ్చకూ నడుమ అతుకు దగ్గర, గుడ్డ మడతలు పేరుకుని చెక్కలా గట్టిపడ్డ చోట, భర్త అయస్కాంతం ఆనించగానే చిన్న చప్పుడైంది. టిక్. గోరు పళ్లెం మీద తగిలినంత.

తోడికోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. "దొరికింది. దొరికిందక్కా."

"ఆగు" అంది బొమ్మలక్క.

మొనను తీసి తెల్లకాగితం మీద పెట్టింది. సగం సూదిని దాని పక్కన చేర్చింది. పెట్టెలోంచి అదే నంబరు కొత్త సూది తీసి వాటి పక్కన పెట్టింది. కంపెనీలో చూసిన పద్ధతి. అక్కడ సూది విరిగితే మిషన్లు ఆపేసేవారు. సూపర్‌వైజరు వచ్చి ముక్కలన్నీ ఏరి, కొత్త సూది పక్కన పేర్చి, పొడుగు సరిపోతేనే మళ్లీ మిషను తిప్పనిచ్చేవాడు. సరిపోకపోతే ఆ వరుసలో కుట్టిన చొక్కా ఒక్కటి కూడా గుమ్మం దాటేది కాదు. వాళ్లంతా అతన్ని సూది డాక్టరు అని ఎగతాళి చేసేవారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమే.

కళ్లు దగ్గరగా పెట్టి చూసింది. భర్త కళ్లద్దాలు తీసుకుని పెట్టుకుని మళ్లీ చూసింది. రెండు ముక్కలూ కలిపినా కొత్త సూదికన్నా పొట్టి. తేడా బియ్యపు నూకంత.

"ఇంకో ముక్కుంది" అంది.

"అంత చిన్నది, విరిగినప్పుడే ఎగిరిపోయుంటుంది" అన్నాడు భర్త.

"పోయుండొచ్చు."

"గదంతా ఊడ్చాం కదక్కా. దుమ్ములో పోయుంటుంది."

"పోయుండొచ్చు. ఉండొచ్చు."

మళ్లీ మొదటినుంచి వెతికారు. నారింజ తొడుగు, ఆకుపచ్చ తొడుగు, వాటి దూది. ముక్క దొరకలేదు. వెలుతురు తగ్గిపోతోంది. ఆమె లేచి పాత దూదినంతా ఒక సంచిలోకి నెట్టి, మూతి కట్టి బయట పెట్టేసింది. నారింజనూ ఆకుపచ్చనూ వాటి కడియాలతో సహా సంచి మీద పడేసింది. ఆ నారింజ కోసం ఆమె ఎన్నో మూటలు వెతికింది. అలాంటిది మళ్లీ దొరుకుతుందో లేదో. వెనక్కి చూడలేదు.

"దీపం పెట్టనా? పొద్దున్నకల్లా కుట్టేయొచ్చు" అన్నాడు భర్త.

"వద్దు. దీపం ముందు నాకు దారం కంటికి సరిగా ఆనదు. అయినా ఇక్కడ కుట్టి తీసుకెళితే ఎవరు నమ్ముతారు?"

మిగిలిన తొడుగులను బకెట్లో ముంచి ఉతికి, తిరగేసి ఆరేసింది. కొత్త దూది కట్ట తెచ్చి గోడవారన పెట్టింది. తోడికోడలు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, వెళ్లాలా ఉండాలా తెలియక.

"పొద్దున్నే నువ్వు కూడా రా" అంది బొమ్మలక్క.

"నేనెందుకక్కా? అంతమంది ముందు తల ఎక్కడ పెట్టుకోను?"

"మెడమీదే పెట్టుకుని రా."

అని, వెంటనే నాలిక కరుచుకుంది. మళ్లీ అదే నోరు. బొమ్మలక్క తీగమీద తొడుగు అంచులు సవరిస్తూ, అటు తిరిగే అంది.

"ఇకనుంచి సూది విరిగితే కేకెయ్యి. నేను నవ్వను."

"నవ్వకుండా ఉండలేవు నువ్వు."

"నవ్వితే ఆ సూదే పెట్టి నా నోరు కుట్టెయ్."

మర్నాడు పొద్దున తల్లులు పిల్లలను తీసుకుని వచ్చేసరికి బొమ్మలక్క బడి గుమ్మం ముందు చాప పరుచుకుని కూర్చుని ఉంది. పక్కన ఖాళీ తొడుగులు, రంగురంగుల చర్మాల్లా. ముందు కొత్త దూది, పళ్లెం, భర్త అయస్కాంతం. తెల్లకాగితం మీద విరిగిన సూది రెండు ముక్కలు, వాటి పక్కన కొత్తది ఒకటి. ఎవరు ఆగినా ఆమె ఆ కాగితం చూపించి ఒకటే మాట చెప్పింది. "ఇంత ముక్క దొరకలేదు. ఆ దూదీ, ఆ రెండు కణుపులూ పారేశాను. మిగిలినవి మీ ముందే కుడతాను. చూడండి."

కొందరు చూడకుండా లోపలికి పోయారు. టీచరమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. బొమ్మలక్క గుప్పెడు దూది తీసి, పలచగా విప్పి, అయస్కాంతం తిప్పి, నీలం తొడుగులోకి కూరింది. తోడికోడలు ఒకే ఒక సూదితో మూతి కుట్టడం మొదలుపెట్టింది. అతుకు దగ్గరికి వచ్చినప్పుడు పొడవలేదు. కొంచెం తోసి, ఆగి, మళ్లీ తోసింది. ఇద్దరు తల్లులు పనికి ఆలస్యమవుతున్నా నిలబడి చూశారు. పిల్లలు చాప అంచున బారుగా కూర్చున్నారు.

నిన్న మాట్లాడిన తల్లి అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. కొడుకు చేతిలోంచి ఏనుగును తీసుకుని బొమ్మలక్క ఒళ్లో పెట్టింది. వాడు పెదవి విరిచి, ఏడవాలా వద్దా అని తల్లి మొహం చూస్తున్నాడు. ఏనుగు రంగు వెలిసిపోయింది. ఒక చెవి చప్పరించి చప్పరించి నల్లబడింది. రోజూ కావలించుకుని కావలించుకుని నడుము సన్నబడింది.

బొమ్మలక్క నీలం తొడుగును పక్కన పెట్టింది. వాడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"తొండం నువ్వు పట్టుకో. గట్టిగా పట్టుకో, దానికి భయం" అంది.

వాడు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె ఏనుగును వెల్లకిలా తిప్పి, పొట్ట మీద తన కుట్టు ఎక్కడ మొదలైందో వేలితో తడిమి, కత్తెర మొన పెట్టి మొదటి దారం తెంపింది.